కలరా విషం దాటే లాకు



మాస్టారు మాకు డిగ్రీలో జంతుశాస్త్రం చెప్పారు. కాలేజీ వెనకే కాలువ, కాస్త దిగువన లాకు ఉండేవి. కణత్వచం పాఠం మొదలుపెట్టిన రోజు ఆయన పుస్తకం తెరవలేదు. మమ్మల్నందరినీ లాకు గట్టు మీదికి నడిపించుకెళ్ళారు. ధాన్యం బస్తాలతో ఒక పడవ దిగువకు పోవడానికి వచ్చి ఆగి ఉంది. పై తలుపులు తీశారు, పడవ తొట్టిలోకి వచ్చింది, పై తలుపులు మూశారు. తూములు ఎత్తి తొట్టిలో నీళ్ళు వదిలారు. గోడలకు పట్టిన పాచి బయటపడుతుండగా పడవ నెమ్మదిగా కిందికి దిగింది. మట్టాలు కలిశాక కింది తలుపులు తెరుచుకున్నాయి, పడవ వెళ్ళిపోయింది. "రెండు జతల తలుపులూ ఒక్కసారే తీస్తే ఏమవుతుందిరా?" అని అడిగారు మాస్టారు. పై కాలువ ఖాళీ అయిపోతుందండి అన్నాం. "కణం బతికున్నంతసేపూ ఆ భయంతోనే బతుకుతుంది. దాని గోడలు ఆ భయం కొద్దీ కట్టుకున్నవే" అన్నారు.

తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా నేను బాక్టీరియాతో పనిచేశాను. ఆ సాయంత్రం విన్న మాటకు మించిన పాఠం నాకు మరొకటి దొరకలేదు. అందుకే మాస్టారి పేరిట ఈ ఉపన్యాసం ఇవ్వమన్నప్పుడు లాకు తప్ప వేరే విషయం తోచలేదు. నేను చెప్పబోయే లాకు పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని కట్టేది కలరా క్రిమి.

మా అమ్మమ్మ కలరా అనేది కాదు, మరిడి అనేది. పెద్దాపురం మరిడమ్మకు మొక్కుకున్న తరం ఆమెది. ఆమె చెల్లెలు రాత్రి అన్నం తిని పడుకుంది. తెల్లవారేసరికి కళ్ళు లోతుకు పోయి, వేలికొసలు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి, మాట రాని స్థితికి వచ్చింది. మధ్యాహ్నానికి లేదు. బియ్యం కడిగిన నీళ్ళలా ఆగకుండా పోతూనే ఉందని అమ్మమ్మ చెప్పేది. జబ్బు ముదిరిన మనిషి గంటకు లీటరు దాకా నీరు కోల్పోవచ్చు. ఒంట్లో ఎక్కడా పెద్ద గాయం ఉండదు, పేగు పొర చిరిగి ఉండదు, క్రిమి రక్తంలోకి పోదు. పేగు గోడ మీద కూర్చుని ఉంటుంది, అంతే. అక్కడ కూర్చునే ఇంత పని ఎలా చేస్తోంది?

రాబర్ట్ కోఖ్ 1884లో కలకత్తాలో ఈ క్రిమిని వేరుచేసినప్పుడే, ఇది ఏదో విషం వదులుతూ ఉండాలని అనుకున్నాడు. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళపాటు ఆ విషాన్ని ఎవరూ పట్టుకోలేకపోయారు. క్రిమిని జంతువుల రక్తనాళాల్లోకి ఎక్కించారు, చర్మం కింద పెట్టారు, కడుపు కుహరంలో పోశారు. జంతువులు చచ్చాయి గానీ కలరా రాలేదు. విషం కణం లోపలే ఉండి, అది చచ్చి పగిలినప్పుడు బయటపడుతుందన్న సిద్ధాంతం స్థిరపడిపోయింది.

ఆ సిద్ధాంతాన్ని కదిపినవారు డాక్టర్ శంభునాథ్ దే. హుగ్లీ జిల్లాలో 1915లో పుట్టి, కలకత్తాలో వైద్యం చదివి, లండన్‌లో పాథాలజీ పరిశోధన చేసి తిరిగొచ్చారు. ఆయన ప్రయోగం ఎంత సూటిగా ఉందో చూడండి. కుందేలుకు మత్తిచ్చి, పొట్ట తెరిచి, చిన్నపేగులో నాలుగు అంగుళాల ముక్కకు అటూ ఇటూ పట్టుదారంతో ముడి వేశారు. పేగును కోయలేదు, రక్తనాళాలను తెంపలేదు. ఆ ముడుల మధ్య కలరా క్రిములున్న ద్రవం కొద్దిగా ఎక్కించి పొట్ట కుట్టేశారు. మర్నాడు తెరిచి చూస్తే ఆ ముక్క నిండా నీరు పట్టి ఉబ్బి ఉంది. లోపల ఉన్నది కడుగునీళ్ళే. క్రిములు ఎక్కించని ముక్క మాత్రం ఖాళీ సంచిలా ముడుచుకుని ఉంది. ఇది 1953 మాట. విషం పేగు లోపలి వైపు నుంచే పనిచేస్తుంది. ఇన్నేళ్ళూ అందరూ దాన్ని తప్పు వైపు నుంచి ఎక్కిస్తూ వచ్చారు.

నా దృష్టిలో అసలు గొప్ప అడుగు 1959లోది. క్రిములను ద్రవంలో పెంచి, ఆ ద్రవాన్ని ఒక్క క్రిమి కూడా దాటలేని వడపోతలో వడకట్టి, కిందికి దిగిన తేట నీటిని మాత్రమే పేగు ముక్కలోకి ఎక్కించారు. క్రిమి లేదు. అయినా పేగు ఉబ్బింది. విషం క్రిమిలో కాదు, క్రిమి వదిలిన నీటిలో ఉందని తేలిపోయింది. అదే సంవత్సరం బొంబాయిలో ఎన్.కె. దత్తా బృందం పాలు తాగే కుందేలు పిల్లలతో దాదాపు ఈ నిర్ణయానికే వచ్చింది. ఇంత పెద్ద విషయం కనిపెట్టిన దేకు మన దేశంలో బతికుండగా చెప్పుకోదగ్గ గౌరవం దక్కలేదు. ఆయన 1985లో పోయారు. ఈ మాట చెప్పేటప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆయన ప్రయోగం మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి, పిల్లల నోట ఆయన పేరు పలకాలి.

వడకట్టిన ఆ నీరు మరో ప్రశ్న మిగిల్చింది. విషం బయట ఉందంటే లోపలి నుంచి వచ్చినట్టే కదా. క్రిమి చావకుండా, చిరగకుండా, కారిపోకుండా అంత పెద్ద ప్రోటీన్ ఎలా దాటింది?

ముందు ఆ విషం ఆకారం చూద్దాం. అందులో ఆరు ముక్కలుంటాయి. 'బి' అనే ముక్కలు ఐదు, ఒక్కొక్కటి 103 అమైనో ఆమ్లాల గొలుసు. ఐదూ కలిసి చుట్టుకుదురులా వలయం కడతాయి. ఆ కుదురు మీద 240 అమైనో ఆమ్లాల 'ఎ' ముక్క కూర్చుంటుంది. బి వలయం మన పేగు కణానికి అతుక్కుంటుంది. ఎ ముక్కలో విషపు భాగం లోపలికి పోయి, ఉప్పునూ నీటినీ బయటికి పంపే మీటను నొక్కి, మళ్ళీ పైకి లేవనివ్వదు. ఆరు ముక్కలూ సరిగ్గా అమరితేనే విషం. విడివిడిగా అవి మామూలు ప్రోటీన్లు.

కలరా క్రిమికి రెండు గోడలు. లోపల ఇంటి గోడ, బయట ప్రహరీ, మధ్యలో సన్నని పెరడు. రెండు గోడలూ కొవ్వు పొరలే. ఇంటి గోడకు అటూ ఇటూ విద్యుత్ తేడా ఉంటుంది, కణం ఇంధనంలో పెద్ద వాటా అందులోనే దాచుకుంటుంది. అక్కడ చిల్లు పడితే మాస్టారు చెప్పిన పై కాలువ కథే. ప్రహరీకి చిన్న చిన్న కన్నాలు ఉన్నాయి గానీ చక్కెర అణువు లాంటివే వాటిలో దూరగలవు. విషం దాటాలంటే రెండు గోడలూ దాటాలి.

మొదటి గోడను విషం ముడవకుండా, దారంలా దాటుతుంది. ప్రతి గొలుసు మొదట్లో ఇరవై దాకా అమైనో ఆమ్లాల చీటీ ఒకటి కట్టి ఉంటుంది. అది చూసి సెక్ అనే ప్రోటీన్ ద్వారం తెరుచుకుంటుంది. ఇలాంటి చీటీ ఒకటి ఉంటుందని ఊహించి నిరూపించినందుకే గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. ఆ ద్వారం గాజు ఇసుక గడియారంలా నడుం దగ్గర సన్నబడి ఉంటుంది. నడుం చుట్టూ నీటిని తోసిపుచ్చే అమైనో ఆమ్లాలు పట్టీలా బిగిసి ఉంటాయి. దారం పోతున్నంతసేపూ అవి దారం చుట్టూ బిగిసి పక్క నుంచి చుక్క కారనివ్వవు. దారం లేనప్పుడు బిరడా లాంటి చిన్న ముక్క అడ్డం పడుతుంది. సూది బెజ్జంలోకి దారం ఎక్కించినట్టు ఎ, బి గొలుసులు విడివిడిగా పెరట్లోకి వస్తాయి. చీటీ తెగిపోతుంది. పెరట్లోనే గొలుసులు ముడుచుకుంటాయి, బి వలయం కట్టుకుంటుంది, ఎ వచ్చి కూర్చుంటుంది. విషం తయారయ్యేది అక్కడ.

ఇప్పుడు అసలు చిక్కు. ముడుచుకుని, అమరిపోయిన వలయం సుమారు 6 నానోమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని మళ్ళీ దారంలా విప్పితే విషం కాదు. అలాగే ఉండగానే ప్రహరీ దాటించాలి. పెరట్లోనేమో ఇంధనం లేదు. కణం పనికి ఖర్చుపెట్టే ఏటీపీ ఇంటి లోపలే ఉంటుంది.

ఇందుకు క్రిమి పన్నెండు రకాల దాకా ప్రోటీన్లతో ఒక యంత్రం కట్టుకుంది. దీన్ని రెండో తరహా స్రావక వ్యవస్థ అంటారు. ఇంటి లోపలి వైపు ఏటీపీని మండించే చక్రం ఉంటుంది. ఆ చక్రం తిరిగిన కొద్దీ ఇంటి గోడలోని చిన్న ప్రోటీన్లు ఒకదాని కింద ఒకటి చేరి, మర చుట్టల కడ్డీలా పెరట్లోకి పైకి లేస్తాయి. ఆ కడ్డీ విషాన్ని కింద నుంచి తోస్తుందన్నది నేడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. పని జరిగేది పెరట్లో, శక్తి వచ్చేది ఇంట్లో నుంచి. లాకు గట్టు మీద మనిషి నిలబడి చక్రం తిప్పితే నీళ్ళ అడుగున తలుపు కదలడం లాంటిదే ఇది.

ప్రహరీలో ఉన్న తలుపును సెక్రెటిన్ అంటారు. మన చిన్నపేగు విడుదల చేసే హార్మోన్ పేరూ అదే, రెండింటికీ సంబంధం లేదు. ఇది ఎంత గట్టిదో నా చేతులకు తెలుసు. పరిశోధన మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా సెక్రెటిన్‌ను జెల్ మీద నడిపించాల్సి వచ్చింది. మామూలుగా ప్రోటీన్‌ను ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌లో మరిగిస్తే ఎంత కట్టుదిట్టమైనదైనా విడిపోయి దారమవుతుంది, జెల్‌లో తన బరువుకు తగ్గ చోటికి దిగుతుంది. నాది దిగలేదు. పై అంచున, నమూనా పోసిన గుంట కిందే, నీలం గీతగా ఆగిపోయింది. నమూనా చెడిందనుకుని మళ్ళీ తయారుచేశాను. మరిగించే సమయం పెంచాను. మళ్ళీ అదే గీత, అదే చోట. ఫీనాల్ పోశాకే అది విడిపోయి కింద కనపడింది. మరిగే నీళ్ళకూ సబ్బుకూ లొంగనిది ఈ తలుపు. చేత్తో పట్టుకోలేని వస్తువు గట్టితనం ఆ రోజు నాకు చేతికి తగిలినట్టే అయింది.

తలుపు ఎన్ని రేకులతో కట్టిందన్న దానికీ ఒక కథ ఉంది. సియాటిల్ పరిశోధకులు 2010లో కలరా క్రిమి సెక్రెటిన్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి, పన్నెండు రేకుల గొట్టమని ప్రచురించారు. మూసి ఉన్న తలుపు ఆకారం మొదటిసారి అందరికీ కనపడింది. అయితే అప్పటి చిత్రాలు మసకగా ఉండేవి. ఏడేళ్ళలో మైక్రోస్కోపులు మారాయి, కెమెరాలు మారాయి. 2017లో బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయం వారు పరమాణువుల జాడ తెలిసేంత స్పష్టంగా దాన్ని చూశారు. రేకులు పన్నెండు కాదు, పదిహేను. మొదటివారు శ్రద్ధ లేక తప్పు చేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కంటికి ఎంత ఆనితే అంతే లెక్కపెట్టారు, లెక్కపెట్టింది దాచుకోకుండా అందరి ముందూ పెట్టారు. తర్వాతివారు దిద్దారు. పిల్లలూ, మీ రికార్డు పుస్తకంలో కొట్టివేత ఉంటే సిగ్గుపడకండి. దాన్ని చించేయకండి కూడా.

ఆ పదిహేను ప్రోటీన్లూ వలయంగా నిలబడి, ఒకదాని లోపల ఒకటిగా రెండు పీపాలు కడతాయి. ఒక్కో పీపా చుట్టూ కనీసం 60 పట్టీలు, తడికె అల్లినట్టు పక్కపక్కన బిగిసి ఉంటాయి. కొవ్వు పొరలో కన్నం పొడవడం కాదిది. కన్నానికి గోడ కట్టి, గోడకు అస్తరు వేసి, మధ్యలో తలుపు పెట్టడం. పీపాలోంచి లోపలికి పొడుచుకు వచ్చిన పట్టీలే ఆ తలుపు. పెరట్లోకి వేలాడే భాగం వెడల్పైన గది, విషం దూరి వేచి ఉండడానికి సరిపోతుంది. లాకు తొట్టి అక్కడ ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే క్రిమికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఈ తలుపు విషం కోసం పుట్టింది కాదు. కలరా క్రిమి అసలు ఇల్లు మన పేగు కాదు, నది సముద్రంలో కలిసే చోటి ఉప్పునీరు. అక్కడ రొయ్య జాతి సూక్ష్మప్రాణుల పెంకుల మీద అది కాపురం ఉంటుంది. పెంకులోని కైటిన్‌ను కరిగించి తినాలంటే కరిగించే ఎంజైమును బయటికి పంపాలి. పెంకును లోపలికి తెచ్చుకోలేదు కదా! ఆ ఎంజైము పోయేది ఈ తలుపు గుండానే. నేను జెల్ మీద చూసిన క్లెబ్సియెల్లా తలుపు కూడా పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైమును పంపడానికే ఉన్నది. అన్నం వెతుక్కోవడానికి పెట్టుకున్న గుమ్మం ఇది.

మరి విషం ఎక్కడిది? మాథ్యూ వాల్డర్, జాన్ మెకలానోస్ 1996లో దానికి జవాబు చెప్పారు. విషం జన్యువులు క్రిమి సొంతం కావు. బాక్టీరియాకు సోకే నూలుపోగు లాంటి వైరస్ ఒకటి వాటిని మోసుకొచ్చి క్రిమి జన్యుపటంలో చేర్చింది. చాలా వైరస్‌లు బయటికి పోవాలంటే కణాన్ని పగలగొడతాయి. ఈ జాతి పగలగొట్టదు, సన్నని పోగులా జారిపోతుంది. దీని బంధువుల్లో కొన్ని జారిపోవడానికి తమ సొంత సెక్రెటిన్‌ను తయారుచేసుకుంటాయి. కలరా వైరస్ ఆ జన్యువును తెచ్చుకోలేదు. క్రిమి సెక్రెటిన్‌నే వాడుకుంటుంది. పెంకు కరిగించే ఎంజైము పోయే దారిన విషమూ పోతుంది, విషాన్ని తెచ్చిన వైరస్సూ పోతుంది. ఒక్క గుమ్మం, ముగ్గురు బాటసారులు. క్రిమిలో ఏముందని అడగడం వైద్యానికి అలవాటు. ఏ దారిన బయటపడుతోందని అడగడం మొదలుపెట్టాకే ఈ మూడూ ఒకచోట కనపడ్డాయి. ఇంత దూరం వచ్చి నేను చెప్పదలచుకున్నదీ ఇదే.

పెంకుల సంగతి తెలిశాక ఒక ఇంటి పద్ధతికి కూడా అర్థం దొరికింది. బంగ్లాదేశ్ పల్లెల్లో రీటా కోల్వెల్ బృందం చెరువు నీటిని పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి వడకట్టుకోమని చెప్పింది. కలరా కేసులు 48 శాతం తగ్గాయని 2003లో ప్రచురించింది. చీర నేతలోంచి క్రిమి సులువుగా దూరిపోతుంది. అది కూర్చున్న పెంకు ప్రాణి మాత్రం దూరలేదు. అమ్మమ్మ కూడా బిందె మూతికి గుడ్డ కట్టేది. ఆ గుడ్డ ఎన్ని మడతలో నేనెప్పుడూ చూడలేదు.

తలుపుల్లో ఇదొక్కటే రకం కాదు. ఈ-కోలై అనే బాక్టీరియాలో టోల్‌సి అనే గొట్టం ఉంది, మూడు ప్రోటీన్లు కలిసి కట్టేది. రక్తకణాలను పగలగొట్టే విషాన్ని అది పెరట్లో దించకుండా ఒక్క ఊపున ఇంట్లోంచి వీధిలోకి చేరుస్తుంది. మన మందులను బయటికి తోసేదీ అదే గొట్టం. టెట్రాసైక్లిన్ సంగతే చూడండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధన నడిపిస్తున్న రోజుల్లో, 1948లో వచ్చిన ఆరియోమైసిన్ తొలి టెట్రాసైక్లిన్. కలరా రోగికి నీరు ఎక్కిస్తూ ఆ కుటుంబం మందులిస్తే జబ్బు త్వరగా తగ్గేది. టోల్‌సి లాంటి తలుపుకు తోడుగా ఉన్న పంపులు ఆ మందును లోపలికి వచ్చినంత వేగంగా బయటికి తోడేస్తాయి. అందుకే మందు కనిపెట్టేవారికి కూడా ఈ తలుపుల లెక్క కావాలి.

మరో గొట్టం మన చేతి పనిముట్టే అయిపోయింది. ఈ-కోలై తన చుట్టూ జిగురు పోగులు అల్లుకోవడానికి తొమ్మిది ప్రోటీన్లతో సీఎస్‌జీ-జీ అనే రంధ్రం కడుతుంది. దాని నడుం ఒక నానోమీటరు కంటే సన్నం. ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ అనే కంపెనీ వారు దాన్ని కొద్దిగా మార్చి 2016 నుంచి తమ యంత్రాల్లో పెట్టారు. డీఎన్‌ఏ దారం ఆ నడుం గుండా పోతుంటే అక్కడున్న అక్షరాలను బట్టి కరెంటు ఒక్కోలా తగ్గుతుంది, ఆ తేడాలోంచి అక్షరాలు చదువుతారు.

మళ్ళీ కలరా తలుపు దగ్గరికి వస్తాను. బీజింగ్ వారి 2017 చిత్రాల్లో నేను ఎక్కువసేపు చూస్తూ కూర్చున్నది మూసిన తలుపు కాదు. వారికి సగం తెరుచుకున్న తలుపు కూడా చిక్కింది. మూసి ఉన్నప్పుడు లోపలికి వంగి దారి కప్పేసిన పట్టీలు ఆ చిత్రంలో గోడ వైపుకు ఒదుగుతున్నాయి. పదిహేను రేకులూ ఒక్క తీరుగా, ఒక్కసారే. పడవ ఇంకా తొట్టిలోకి రాలేదు. తలుపు కదిలింది, సందు కనపడుతోంది. పట్టుదారంతో పేగుకు ముడి వేసి, మర్నాటి దాకా ఎదురుచూసిన డాక్టర్ దే ఈ బొమ్మ చూసి ఉండాల్సింది. మాస్టారైతే మమ్మల్ని మళ్ళీ గట్టు మీదికి నడిపించుకెళ్ళేవారు.